హౌరా లోడు



రెండు వారాలుగా ఇక్కడ ఏమీ రాయలేదు. ఒంట్లో బాగోలేదేమోనని కొందరు ఫోన్లు చేశారు. బాగానే ఉన్నాను. మొదటి వారం లారీలో ఉన్నాను. రెండో వారం రాయాలా వద్దా అని తేల్చుకోలేక కూర్చున్నాను. ఇది రాయాలంటే ముందు నా తప్పు రాయాలి. ఇతరుల తప్పుల మీద ప్రసంగం రాయడానికి నాకు ఒక పూట చాలు, నా తప్పు రాయడానికి వారం పట్టింది.

పోయిన నెల మొదటి ఆదివారం, ప్రభువు బల్ల రోజు. విశ్రాంతి దినం గురించి చెబుతున్నాను. మధ్యలో, ముందు రాసుకోని మాట ఒకటి నోటికొచ్చింది. "బండి ఊళ్లోకి వస్తుంది గానీ మనిషి మందిరంలోకి రాడు. టైర్లకు ఇచ్చే విశ్రాంతి కూడా ఆత్మకు ఇవ్వనివాళ్లు మనలో ఉన్నారు" అన్నాను. ముందు వరసలో ఒకరిద్దరు తలలూపారు. అది చూసి అదే మాట ఇంకోసారి, ఇంకాస్త గట్టిగా అన్నాను. మన సంఘంలో లారీ నడిపేవాళ్లు నలుగురు. ఆ రోజు ముగ్గురు ఎదురుగానే కూర్చుని ఉన్నారు. కాబట్టి తలలన్నీ ఆడవాళ్ల వైపు, నాలుగో ఆయన భార్య మీదికి తిరిగాయి. ఆమె కొంగు సర్దుకుని బల్ల దగ్గరికి రాకుండానే పిల్లను తీసుకుని వెళ్లిపోయింది.

ఆ నాలుగో ఆయన తన పేరు రాయొద్దన్నాడు. నేను ఆయన్ని తమ్ముడూ అని పిలుస్తాను. ఇక్కడా అలాగే రాస్తాను.

ఆ చెల్లెమ్మే ప్రతి శనివారం మందిరం ఊడ్చేది. ఆ శనివారం రాదనుకున్నాను. వచ్చింది. చాపలు దులిపింది, ఊడ్చింది, నీళ్లు చల్లింది. వెళ్లేటప్పుడు చీపురు చేతిలోనే పట్టుకుని అడిగింది:

"అయ్యగారూ, ఆదివారం పొద్దున పదిన్నరకి మా ఆయన ఎక్కడుంటాడో మీకు తెలుసాండీ?"

"తెలీదమ్మా" అన్నాను.

"నాకూ తెలీదండి. పెళ్లయి పదహారేళ్లయింది. ఫోన్లో ఏదో ఊరి పేరు చెబుతాడు. ఆ ఊరెలా ఉంటుందో, అక్కడ ఎక్కడ పడుకుంటాడో నాకు తెలీదు. నేను వెళ్లి చూడలేను. మీరు మగవాళ్లు, ఒక్కసారి బండెక్కి చూసి రండి. చూసొచ్చాక కూడా మీకు అదే మాట చెప్పాలనిపిస్తే చెప్పండి, నేను ముందు వరసలో కూర్చుని వింటాను."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే ఏదో ఒక జవాబు చెప్పి ఉండేవాణ్ణి.

అనుకోకుండా దారి కూడా దొరికింది. ఆ తర్వాతి వారం తమ్ముడి బండి క్లీనర్ కుర్రాడు అక్క పెళ్లికి వెళ్లాడు. ఖాళీ అయిన సీట్లో నేను వెళ్తానన్నాను. బండి యజమాని ఫోన్లో నవ్వాడు. "పాస్టర్ గారు టైర్లు కొడతారా?" అన్నాడు. కొడతానన్నాను. ఆ ఆదివారానికి వాక్యం చెప్పమని పెద్దల్లో ఒకరికి అప్పగించాను. నా 52 ఏళ్ల మోకాళ్ల గురించి మీ అమ్మగారు చెప్పిన మాటలు ఇక్కడ అనవసరం.

మన ప్రాంతపు చేప ఎక్కడికి పోతుందో మనందరికీ తెలుసు. కొల్లేటి చుట్టూ పెరిగే శీలావతి, బొచ్చెల్లో మన బజార్లో అమ్ముడుపోయేది కొంచెమే. మిగతాది బెంగాల్‌కి, అస్సాంకి, ఆ పైనున్న కొండ రాష్ట్రాలకి. తెలుసు అనుకుంటాం గానీ, చెరువు గట్టు మీద బండి కదిలాక ఏం జరుగుతుందో నేను ఏనాడూ ఆలోచించలేదు. చేపకు దారి కావాలని, దారికి ఒక మనిషి కావాలని తట్టలేదు.

తమ్ముడు నిజానికి చెరువు మనిషి. వాళ్ల నాన్నకి కొల్లేట్లో చెరువు వాటా ఉండేది. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని అభయారణ్యం హద్దులో ఉన్న చెరువు గట్లు తెగ్గొట్టినప్పుడు వాళ్ల గట్టూ పోయింది. కొల్లేరు బతకాలంటే గట్లు పోవాలన్నది న్యాయమే కావచ్చు, పక్షులకీ నీళ్లకీ చోటు కావాలి. కానీ ఆ న్యాయం బరువు ఎవరి భుజాల మీద పడిందో కూడా చెప్పుకోవాలి కదా. ఆ ఏడాదే తమ్ముడు క్లీనర్‌గా బండెక్కాడు. తన చెరువులో పెరగాల్సిన చేపను మోసే పనికి చేరాడు.

శుక్రవారం మధ్యాహ్నం ప్యాకింగ్ దగ్గరికి వెళ్లాను. తెల్లవారుజామున పట్టిన చేప చిన్న బళ్ల మీద వచ్చి సిమెంటు గచ్చు మీద కుప్ప పడుతోంది. ఐసు దిమ్మల్ని మిషనులో వేస్తే పిండిలా రాలుతోంది. ట్రేలో ఒక వరస ఐసు, ఒక వరస చేప, మళ్లీ ఐసు. చేప ఎంతో ఐసూ ఇంచుమించు అంతే. కూలీలు మోకాలి బూట్లతో, చేతులు తెల్లగా పాలిపోయి, ఒక్క మాటైనా లేకుండా పని చేస్తున్నారు. వాళ్లలో మన సంఘం ఆడవాళ్లు ఇద్దరున్నారు. నన్ను చూసి సిగ్గుపడ్డారు. ఎందుకు సిగ్గుపడాలో నాకు అర్థం కాలేదు. పది టన్నుల పైచిలుకు చేప, దాని ఐసుతో సహా ఎక్కాక పైన పరదా కట్టి తాళ్లు బిగించారు. తాడు బిగించడం నా మొదటి పని. నేను వేసిన ముడి తమ్ముడు చూసి, మర్యాదగా విప్పి, మళ్లీ వేశాడు.

రాత్రి ఎనిమిదింటికి బయలుదేరాం. "ఆదివారం తెల్లవారుజామున మూడున్నరకల్లా హౌరాలో ఉండాలండి" అన్నాడు. ఎందుకు ఆదివారమే అన్నాను.

"బెంగాలీ వాళ్లకి ఆదివారం చేప లేకపోతే ఆదివారం కాదండి. ఇంటి పెద్దాయన సంచి పట్టుకుని పొద్దున్నే బజారుకెళ్తాడు. మన చేప ఆ సంచిలో పడాలంటే తెల్లారకముందే వేలం అవ్వాలి."

నేను ఏమీ మాట్లాడలేకపోయాను. మన ఆరాధన గంట మోగే వేళకి అక్కడి వంటిళ్లలో నూనె కాగుతుంది. మన తమ్ముడు మందిరానికి రాకపోవడానికి కారణం ఆత్మీయ చల్లదనం అనుకున్నాను. అసలు కారణం ఇంకో జాతి వాళ్ల ఆదివారం భోజనం.

ఏలూరు దగ్గర హైవే ఎక్కాం. అదే పాత ఐదో నంబరు, ఇప్పుడు పదహారు. చెన్నై నుంచి ఒడ్డు వెంట కలకత్తా దాకా పోతుంది. మేం పోవాల్సింది 1,100 నుంచి 1,200 కిలోమీటర్ల మధ్య. సిద్ధాంతం దగ్గర వశిష్ట, జొన్నాడ దగ్గర గౌతమి దాటాం. కారులో వెళ్తే గోదావరి అందంగా కనిపిస్తుంది. లారీ క్యాబిన్లో మాత్రం వంతెన అతుకులు ఒక్కొక్కటీ వెన్నుపూసకు తెలుస్తాయి. 2025 అక్టోబర్ 1 తర్వాత తయారయ్యే బళ్లకి క్యాబిన్లో ఏసీ ఉండాలని కొత్త నిబంధన వచ్చింది. ఇది అంతకు ముందుది. ఇంజను వేడి కాళ్ల కిందికి, పొగ ముక్కులోకి, హోరు చెవుల్లోకి. పది నిమిషాలు మాట్లాడితే గొంతు పోయింది. రోజూ మైకులో మాట్లాడేవాణ్ణి, నా అసలు గొంతు ఎంతుందో ఆ రోజు తెలిసింది.

తునిలో టీ. బండి ఆగిన చోటల్లా నేను దిగి చెక్క సుత్తితో ఒక్కో టైరూ కొట్టి చప్పుడు వినాలి. గాలి ఉన్న టైరు ఖంగుమంటుంది, తగ్గింది బద్ధకంగా పలుకుతుంది. మొదట్లో అన్నీ ఒకేలా వినిపించాయి. శ్రీకాకుళం వచ్చేసరికి కొంచెం తేడా తెలిసింది.

ఆనందపురం దాటాక, తెల్లవారే ముందు, ఒక పక్కకి ఆపి నలభై ఐదు నిమిషాలు స్టీరింగు మీదే తల పెట్టి పడుకున్నాడు. అలారం మోగగానే లేచాడు. ఇంకో డ్రైవర్ ఉంటే బాగుండేది కదా అన్నాను. "రెండో డ్రైవర్ అంటే రెండో జీతం కదండీ" అన్నాడు. అంతే, ఫిర్యాదు చేస్తున్నట్టు కూడా అనలేదు.

ఇంటికొచ్చాక ఈ విషయం వెతికి చదివాను. మోటారు రవాణా కార్మికుల కోసం మన దేశంలో 1961లోనే ఒక చట్టం చేశారు. రోజుకు ఎనిమిది గంటల పని. దూర ప్రయాణాలకైతే పది దాకా. ఐదు గంటలు పనిచేస్తే కనీసం అరగంట విరామం. ఏడు రోజులకు ఒక రోజు సెలవు. సీనాయి కొండ మీద చెప్పిన లెక్కే, పార్లమెంటు కూడా చెప్పింది. అయితే 2025 దాకా అమల్లో ఉన్న ఆ చట్టం ఐదుగురు, అంతకు మించి పనివాళ్లున్న సంస్థలకే వర్తించేది. ఒకటో రెండో బళ్లున్న యజమాని దాని కిందికి వచ్చేవాడు కాదు. మన దేశపు లారీల్లో చాలా భాగం అలాంటి చిన్న యజమానులవే. ఏడో రోజు విశ్రాంతి తీసుకోవడం లేదని నేను బల్ల దగ్గర నిలబడి నిందించిన మనిషికి, ఆ ఏడో రోజు ఎవరూ ఇవ్వలేదు. లేనిదాన్ని పాటించలేదని తిట్టాను.

శనివారం పదకొండు గంటలకి ఇచ్ఛాపురం దాటాం. ఒకప్పుడు ఇక్కడ చెక్‌పోస్టు దగ్గర బళ్లు బారులు తీరి ఉండేవని, ఐసు కరిగిపోతుంటే కాగితాలు పట్టుకుని పరుగెత్తేవాళ్లమని చెప్పాడు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. టోలు దగ్గర కూడా 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు. దారి మెరుగైంది, కాదనను. "మరి ఆ మిగిలిన టైము నీకు నిద్రకి వచ్చిందా తమ్ముడూ?" అన్నాను. "లేదండి. ముందు ముప్పై ఆరు గంటలు ఇచ్చేవాళ్లు, ఇప్పుడు ముప్పై లెక్క చెబుతున్నారు" అన్నాడు.

చిలికా సరస్సు పక్కన బాలుగావ్ దగ్గర ఒక దాబాలో రెండు గంటలు పడుకోవడం ఆయనకి అలవాటు. ఆ రెండు గంటలే మొత్తం ప్రయాణానికి ఆధారం. దాబా ఇంకా నాలుగైదు కిలోమీటర్లుందనగా వెనక టైరు పేలింది. చెవులు గింగురుమన్నాయి. ఇరవై నిమిషాల ముందు ఆ టైరును సుత్తితో కొట్టి "బాగుంది" అని చెప్పింది నేనే.

స్టెప్నీ దించడం, జాకీ కింద చెక్క పెట్టడం, బిగుసుకుపోయిన నట్లని గొట్టం తొడిగి నిలబడి తొక్కడం, మండుటెండలో రెండున్నర గంటలు పట్టింది. క్లీనర్ కుర్రాడుంటే గంటలో అయ్యేది. బండి కింద నుంచి ఐసు నీళ్లు సన్నగా కారుతున్నాయి. తారు మీద పడగానే ఆవిరైపోతున్నాయి. తమ్ముడు నట్లు తిప్పుతూ మధ్యమధ్యలో ఆ నీటి ధారను చూస్తున్నాడు. ధార కొంచెం లావైతే లోపల ఐసు ఎంత పోయిందో ఆయనకి తెలిసిపోతుందట. నాలుగున్నరకి బయలుదేరాం. నిద్ర సంగతి నేనూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

కటక్ దగ్గర కాఠజోడి, మహానది దాటేసరికి చీకటి పడింది. భద్రక్ దాటాక "మాట్లాడుతూ ఉండండి అయ్యగారూ, ఏదో ఒకటి" అన్నాడు. సరేనని మొదలుపెట్టాను. నా చిన్నతనం చెప్పాను, నా రక్షణ సాక్ష్యం చెప్పాను, బైబిలు కాలేజీలో అన్నం దొంగిలించిన సంగతి చెప్పాను (ఇది మీకెవరికీ చెప్పలేదు). సముద్రం మీద తుఫాను రేగినప్పుడు ప్రభువు దోనె వెనక భాగాన తలగడ మీద నిద్రపోయిన కథ మొదలుపెట్టాను. ఆ భాగం మీద ఎన్నిసార్లు ప్రసంగించానో లెక్కలేదు. ఆయన నిద్రలోని సమాధానం గురించి ఎంతో చెప్పాను. ఆయన పడుకున్నప్పుడు చుక్కాని పట్టుకుని మేలుకుని ఉన్న మనిషి ఎవరో ఒకరు ఉన్నాడని మాత్రం ఆ రాత్రి దాకా తట్టలేదు. అతని పేరు కూడా సువార్తలో లేదు.

ఆ మాట ఆయనతో అందామనుకుంటూనే నేను నిద్రపోయాను. పౌలు ప్రసంగం సాగదీస్తుంటే కిటికీలో నిద్రపోయి కింద పడిన ఐతుకు గురించి మీకు తెలుసు. ఇక్కడ ప్రసంగించేవాడే నిద్రపోయాడు.

ఎడమ చక్రాలు మట్టిలోకి దిగిన కుదుపుకి కళ్లు తెరిచాను. ఎదురుగా, వెనక దీపాలు లేకుండా ఆగి ఉన్న ఒక లారీ. దాని వెనక తలుపు మీది రంగుల పువ్వు మా లైట్ల వెలుతురులో నా ముఖం ముందుకు వచ్చేసింది. తమ్ముడు స్టీరింగు మొత్తం కుడికి కోశాడు. ఎలా తప్పిందో నాకు తెలియదు. మా పక్క అద్దం పోయింది, అంతే. ఇద్దరం నిద్రపోయామని మాత్రం ఇద్దరికీ తెలుసు.

తర్వాత వచ్చిన పెట్రోలు బంకులో ఆపాడు. కుళాయి కింద తల పెట్టాడు. చేతులు వణుకుతున్నాయి, వణుకు నాకు కనిపించకుండా ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాడు. "ఇరవై నిమిషాలు అయ్యగారూ. సరిగ్గా ఇరవైకి లేపండి" అన్నాడు. చెప్పడం పూర్తి కాకముందే నిద్రలోకి వెళ్లిపోయాడు.

నేను ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఇరవై నిమిషాలయింది. లేపాలి. లేటైతే వేలంలో ధర పడుతుంది. ధర పడితే ఆ నష్టంలో కొంత ఆయన బత్తాలోంచే పోతుంది, టైరు ఖర్చుతో కలిపి. లేపకపోతే? ఆయన నోరు కొంచెం తెరుచుకుని ఉంది, చిన్నపిల్లాడిలా. వాళ్ల అమ్మాయి మందిరంలో నిద్రపోయినప్పుడు అలాగే ఉంటుంది. భుజం మీద చెయ్యి వేశాను, తీశాను. నలభై నిమిషాలు పడుకోనిచ్చాను. అది దయో, నా ప్రాణం మీద భయమో నేటికీ నేను విడదీసి చెప్పలేను. రెండూ ఉన్నాయి.

లేచి టైము చూసుకున్నాడు. ఏమీ అనలేదు. ఇంజను స్టార్ట్ చేశాడు.

లక్ష్మణ్‌నాథ్ టోలు దాటి బెంగాల్లోకి వెళ్లాం. ఖరగ్‌పూర్ పక్కనుంచి పోతుంటే, రైల్వే పనికి తరాల కింద వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు అక్కడ ఎందరో ఉన్నారని, ఒకసారి బండి చెడిపోతే ఒక ముసలమ్మ తెలుగు మాట విని పిలిచి అన్నం పెట్టిందని చెప్పాడు. కోలాఘాట్ దగ్గర రూపనారాయణ్ నది దాటేసరికి తెల్లారిపోయింది. మూడున్నరకి చేరాల్సిన వాళ్లం ఆరున్నరకి హౌరా చేరాం.

హౌరా స్టేషన్ పక్కనే ఆ చేపల మార్కెట్. నేల తడి, మనుషుల అరుపులు, నెత్తి మీద బుట్టలతో పరుగులు. మా ట్రేలు దించగానే ఒకాయన వచ్చి మొప్ప ఎత్తి చూశాడు. ఎరుపు తగ్గిందన్నట్టు పెదవి విరిచాడు. అక్కడ మన చేపకి ఒక పేరుంది: చాలానీ. బయటి నుంచి రవాణా అయి వచ్చినదని అర్థం. చెరువులోంచి బతికుండగా తెచ్చిన ఊరి చేపకి ఉన్న గౌరవం దీనికి లేదు. 2018 జూలైలో ఫార్మాలిన్ గొడవ వచ్చి అస్సాంలో బయటి చేపను పది రోజులు నిషేధించినప్పుడు తమ్ముడికి ఆ నెలంతా సగం పనే దొరికిందట. ఎవరో మందు కలిపితే, లేదా కలిపారని అనుకుంటే, దారిలో ఉన్నవాడికి కూడు పోతుంది.

ఆ రోజు ధర పడింది. ఎంత పడిందో నాకు తెలుసు, ఇక్కడ రాయను. యజమాని ఫోన్లో మాట్లాడిన మాటలు నాకు వినపడ్డాయి, అవీ రాయను.

బండి కడిగి, ఊరి బయట ధూలాగఢ్ లారీల టెర్మినల్‌కి తీసుకొచ్చాం. అక్కడ తిరుగు లోడు కోసం ఎదురుచూడాలి. బంగాళాదుంపలో, ఇంకేదైనానో, దొరికిన రోజు దొరుకుతుంది. మన ఆంధ్ర బళ్లు ఓ పది ఉన్నాయి. ఒకచోట కిరోసిన్ స్టవ్ మీద అన్నం, పులుసు ఉడుకుతున్నాయి. తమ్ముడు బండి నీడలో గోనె పరిచాడు. టైముకి పది ఇరవై అయింది. ఫోను తీసి, ఇయర్‌ఫోను ఒకటి తన చెవిలో పెట్టుకుని రెండోది నాకిచ్చాడు. తెర మీద మన మందిరం! నీలం కర్టెను, తిరగని ఫ్యాను, కీబోర్డు వాయించే కుర్రాడి వీపు.

"లైవ్ నువ్వు చూస్తావా తమ్ముడూ?"

"ప్రతి వారం ఇక్కడే చూస్తానండి. ఒక్కోసారి ఖరగ్‌పూర్ దగ్గర."

కాసేపు పాటలు విన్నాం. అడగకుండా ఉండలేకపోయాను.

"పోయిన నెల మొదటి ఆదివారం?"

ఆయన తెర మీద నుంచి కళ్లు తిప్పలేదు. "చూశానండి. ఆ రోజు సిగ్నల్ బాగుంది."

నేను చెప్పాల్సిన మాట అప్పుడే అక్కడే చెప్పి ఉండాల్సింది. గొంతులో ఏదో అడ్డం పడింది. బదులుగా డబ్బు తీశాను. టైరు చూసింది నేను, నలభై నిమిషాలు పడుకోనిచ్చింది నేను, నష్టంలో నా వంతు తీసుకో అన్నాను. ఆయన నా చెయ్యి మూసేశాడు. "ఉంచండి అయ్యగారూ. కానుక కింద రాసుకోండి. ఆదివారాలు నేను వెయ్యలేదుగా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకైతే నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం నేను రైలెక్కాను. బెర్తు మీద కాళ్లు చాపి పడుకుని, మరుసటి రోజు ఇంట్లో ఉన్నాను. ఆయనకి లోడు మంగళవారం రాత్రికి దొరికింది. ఆ చెల్లెమ్మ వచ్చి అడిగింది, ఆ ఊరెలా ఉంటుందండీ అని. నేను చూసినదంతా చెప్పాను, గోనె పరిచిన చోటు, పులుసు వాసన, నీడ ఎటు పడుతుందో కూడా. ఆగి ఉన్న లారీ సంగతి మాత్రం చెప్పలేదు. అది ఆయన చెప్పాలి. ఇది చదివి ఆమెకి తెలిస్తే నన్ను క్షమించాలి. ఆయన్ని అడిగే రాశాను.

తర్వాతి ఆదివారం మందిరంలో అందరి ముందు నా మాట వెనక్కి తీసుకున్నాను. ప్రసంగంలో కాదు, ప్రకటనల సమయంలో. ప్రసంగంలో అయితే దాన్ని కూడా అందంగా చెప్పాలని చూస్తానేమోనని నాకు నా మీద అనుమానం. నాలుగు వాక్యాలు చదివి కూర్చున్నాను. ఆ చెల్లెమ్మ చెప్పినట్టే ముందు వరసలో కూర్చుంది. ఇక నుంచి మంగళవారం రాత్రి ఎనిమిదింటికి, ఆ వారం ఊళ్లో ఉన్న డ్రైవర్ల కోసం, క్లీనర్ల కోసం, ప్యాకింగ్ వాళ్ల కోసం, బల్లతో సహా ఆరాధన ఉంటుందని పెద్దలు ఒప్పుకున్నారు. ఒకరిద్దరు ఆదివారమే పరిశుద్ధమైన రోజన్నారు. వాళ్లని హౌరా పంపుదామనుకున్నాను గానీ అనలేదు. బళ్ల యజమానుల్లో మన సంఘానికి సంబంధించినవాళ్లు ఇద్దరున్నారు. రెండో డ్రైవర్ సంగతి వాళ్లతో మాట్లాడాను. ఒకాయన చూద్దామన్నాడు. ఇంకొకాయన ఆ తర్వాత నా ఫోను ఎత్తడం లేదు.

ఇంతా చేసి, సాయంత్రం తమ్ముడికి ఫోను చేసి విన్నావా అని అడిగాను. ఏం విన్నానండీ అన్నాడు. లైవ్ పెట్టే కుర్రాణ్ణి అడిగితే తెలిసింది, డేటా మిగులుతుందని ప్రకటనలు అయిపోయాకే వాడు లైవ్ మొదలుపెడతాడట. నిందించిన మాట 1,100 కిలోమీటర్లు వెళ్లింది. క్షమాపణ మన గుమ్మం దాటలేదు. ఫోన్లో చెప్పేద్దామని నోరు తెరిచేలోపు అవతల హారను మోగింది, మళ్లీ చేస్తానండి అని పెట్టేశాడు.

అందుకే ఇది ఇక్కడ రాస్తున్నాను. తమ్ముడూ, నువ్వు ఈ వారం మళ్లీ హౌరా లోడుకి వెళ్లావని మీ ఇంట్లో చెప్పారు. ఆ రోజు నేనన్న మాట తప్పు. నన్ను క్షమించు. ఆదివారం ధూలాగఢ్‌లో సిగ్నల్ బాగుంటే చదువు. ముందు కాసేపు పడుకో, తర్వాతే చదువు.